అబూ ఘ్రైబ్ కేసు: అలెగ్జాండ్రియా కోర్టులో నా అనుభవం

ఉత్తర వర్జీనియాలో స్థిరపడిన తెలుగువాళ్ళలో అమెరికా ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల మీద ఆధారపడి బతికేవాళ్ళు తక్కువేమీ కాదు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. జీతం ఇచ్చేది ఒక కంపెనీ, కూర్చునేది ఒక ప్రభుత్వ శాఖ కార్యాలయంలో, రోజువారీ పని చెప్పేది ఆ శాఖ అధికారి, టైమ్‌షీటు ఆమోదించేది ఇంకెవరో. ఏళ్ళ తరబడి ఇలా పనిచేసినవాడికి ఇందులో వింతేమీ కనిపించదు. అయితే ఇదే తరహా ఏర్పాటు కింద 2003లో ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన ఒక జైలుకు ఖైదీలను ప్రశ్నించే మనుషులను కూడా పంపారని, అదీ సమాచార సాంకేతిక సేవల కొనుగోలుకు ఉద్దేశించిన ఒప్పందం కిందనే పంపారని చదివినప్పుడు నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ కంపెనీ పేరు సీఏసీఐ. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు మా ప్రాంతంలోనే, రెస్టన్‌లో ఉంది. అబూ ఘ్రైబ్ జైలులో చిత్రహింసలకు గురైన ముగ్గురు ఇరాకీలు ఆ కంపెనీ మీద వేసిన దావా 2024 ఏప్రిల్ 15న అలెగ్జాండ్రియాలోని ఫెడరల్ జిల్లా కోర్టులో జ్యూరీ ముందు విచారణకు వస్తోందని తెలిసి, సెలవు పెట్టి వెళ్ళి వినాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడి ఫెడరల్ కోర్టు విచారణలను ఎవరైనా వెళ్ళి వినవచ్చునని, అందుకు ముందస్తు అనుమతి ఏదీ అవసరం లేదని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. భద్రతా తనిఖీ దాటితే చాలు, వెనక బెంచీల మీద కూర్చోవచ్చు. కాకపోతే అలెగ్జాండ్రియా కోర్టులో చూడవచ్చినవాళ్ళకు సెల్‌ఫోన్ అనుమతి లేదు, కెమెరాలు లేవు, ప్రత్యక్ష ప్రసారం లేదు. ఫోను కారులో వదిలి, ఒక నోటుపుస్తకం, రెండు పెన్నులు పట్టుకుని వెళ్ళాను. న్యాయవాదులు జ్యూరీకి వినపడకుండా న్యాయమూర్తితో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా స్పీకర్లలో సన్నని హోరు వదులుతారు. ఆ సమయంలో మనకు చేయడానికి ఏమీ ఉండదు, అంతవరకు రాసుకున్నది మళ్ళీ చదువుకోవడం తప్ప. కోర్టు గదిలో జరిగే దానిలో సగం ఇలాంటి నిరీక్షణేనని సినిమాలు చూసి వెళ్ళేవాళ్ళకు ముందే చెప్పాలి.

వెళ్ళే ముందే కొంత చదువుకున్నాను. అది లేకుండా కూర్చుని ఉంటే సగం పేర్లు, సైనిక దళాల నెంబర్లు నాకు అర్థమయ్యేవి కావు. మేజర్ జనరల్ ఆంటోనియో టగూబా 2004 మొదట్లో జరిపిన సైనిక దర్యాప్తు నివేదిక బహిరంగంగా దొరుకుతుంది. 2003 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బాగ్దాద్ శివార్లలోని ఆ జైలులో ఖైదీల పట్ల జరిగిన పనులను ఆయన ఏ ముసుగూ లేకుండా నేరపూరితమైన హింస అని రాశాడు. రసాయన దీపాలను పగలగొట్టి అందులోని ద్రవాన్ని ఖైదీల మీద పోయడం, నగ్నంగా ఉంచి చన్నీళ్ళు కుమ్మరించడం, చీపురు కర్రతోనూ కుర్చీతోనూ కొట్టడం, అత్యాచారం చేస్తామని బెదిరించడం, కుక్కలను ఉసిగొల్పడం వంటివన్నీ అందులో వరుసగా ఉన్నాయి. ఆ వరుసను చదవడం కష్టమే గాని, నన్ను ఎక్కువగా ఆపేసినది పరిపాలనకు సంబంధించిన మరో భాగం. కాంట్రాక్టు సిబ్బందిపై సరైన పర్యవేక్షణ కనిపించలేదని, ఖైదీలు ఉండే ప్రాంతంలో వాళ్ళు అదుపు లేకుండా తిరుగుతుండేవారని ఆయన రాశాడు. సీఏసీఐ తరఫున ఖైదీలను ప్రశ్నించే ఒక విచారణాధికారి, జైలుకు కాపలా ఉండే మిలిటరీ పోలీసులకు ఇచ్చిన సూచనలు శారీరక హింస కిందికే వస్తాయని ఆ వ్యక్తికి స్పష్టంగా తెలుసునని, అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించాలని కూడా సిఫార్సు చేశాడు. ఇది 2004 నాటి మాట. అది జ్యూరీ ముందుకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ ఇరవై ఏళ్ళు ఎలా గడిచాయో కోర్టు రికార్డు చెబుతుంది. దావా 2008లో పడింది. కంపెనీ తరఫు న్యాయవాదులు దీన్ని కొట్టివేయాలని పదేపదే కోరారు; ఒకసారి కింది కోర్టు కొట్టివేస్తే పైకోర్టు తిరిగి నిలబెట్టింది, మళ్ళీ కొట్టివేత, మళ్ళీ పునరుద్ధరణ. అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించడం వల్ల తమకు కలిగిన నష్టానికి విదేశీయులు అమెరికా కోర్టులో దావా వేయడానికి వీలిచ్చే 1789 నాటి చట్టం మీద ఈ కేసు ఆధారపడింది కాబట్టి, ఆ చట్టం గురించి సుప్రీంకోర్టు వేరే కేసుల్లో ఏ తీర్పు ఇచ్చినా దాని ప్రభావం ఇక్కడ పడేది. 2021లో కంపెనీ అప్పీలును వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించిన తరువాతనే దారి కొంత తెరిపినపడింది.

విచారణ జడ్జి లియోనీ బ్రింకెమా ఆధ్వర్యంలో జరిగింది. జ్యూరీలో ఎనిమిది మంది. వాదులు ముగ్గురూ ఎవరో మొదటే చెప్పాలి, ఎందుకంటే ‘యుద్ధఖైదీలు’ అనగానే మన మనసులో తుపాకి పట్టిన మనిషి రూపం మెదులుతుంది. సుహైల్ అల్ షిమారి ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. అసాద్ అల్ జుబాయీ పండ్ల వ్యాపారి. సలా అల్ ఎజైలీ అల్ జజీరా సంస్థ విలేకరి. ముగ్గురి మీదా ఏ నేరమూ మోపలేదు, కొంతకాలానికి వదిలేశారు. ఇది వీళ్ళకు మాత్రమే జరిగిన విడ్డూరం కూడా కాదు. ఇరాక్‌లో పట్టుబడినవాళ్ళలో 70 నుంచి 90 శాతం మందిని పొరపాటున పట్టుకున్నారని కొందరు సైనిక గూఢచారి అధికారులే తమతో అన్నట్టు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2004 ఫిబ్రవరి నివేదికలో రాసింది.

అల్ ఎజైలీ స్వయంగా అలెగ్జాండ్రియాకు వచ్చి సాక్ష్యం చెప్పాడు. శరీరాన్ని బాధాకరమైన భంగిమల్లో గంటల తరబడి ఉంచడం వల్ల నల్లటి ద్రవం వాంతి చేసుకున్న సంగతి, నిద్ర పోనివ్వకపోవడం, ఆడవాళ్ళ లోదుస్తులు తొడిగించడం, కుక్కలతో బెదిరించడం ఆ సాక్ష్యంలో ఉన్నాయి. అల్ షిమారి సాక్ష్యంలో దెబ్బలు, లైంగిక హింస, విద్యుత్ షాకులు, మెడకు తాడు కట్టి జైలులో ఈడ్చుకెళ్ళడం ఉన్నాయి. 2004 ఏప్రిల్‌లో టీవీలో మొదటిసారి బయటపడ్డ, ఆ జైలులో ఖైదీలను హింసిస్తూ తీసిన ఫోటోలను ప్రపంచమంతా చూసింది గాని, ఆ జైలులో ఉండి వచ్చిన మనిషి తన నోటితో తనకేమైందో చెబుతుంటే అమెరికా జ్యూరీ ఒకటి కూర్చుని వినడం ఇదే మొదలు. నేను ఆ రోజు నోటుపుస్తకంలో చాలా తక్కువ రాసుకున్నాను. వినేటప్పుడు తల ఎత్తి సాక్షి వైపు చూడాలా, దించుకోవాలా అన్నది కూడా తేల్చుకోలేని స్థితిలో కూర్చుని, ఆయనను న్యాయవాదులు తేదీల గురించి, గదుల గురించి, ఎవరు ఏ దుస్తులు వేసుకుని ఉన్నారన్న దాని గురించి అడిగిన ప్రశ్నలు వింటూ ఉండిపోయాను. నెత్తిమీద ముసుగు వేసిన మనిషిని, తనను కొట్టినవాడు సైనికుడా, కంపెనీ ఉద్యోగా అని అడగడంలో ఒక అన్యాయం ఉంది. కాని చట్టం ఆ ప్రశ్న అడగక తప్పదు, ఎందుకంటే దావా వేసింది సైన్యం మీద కాదు.

ఇక్కడ కేసు స్వరూపాన్ని కొంచెం వివరించాలి. సీఏసీఐ ఉద్యోగులు స్వయంగా తమను కొట్టారని ఈ ముగ్గురూ అనలేదు. ప్రశ్నించడానికి ముందు ఖైదీలను ‘మెత్తబరచమని’ మిలిటరీ పోలీసులను ఆ ఉద్యోగులు పురికొల్పారని, ఆ కుట్రలో భాగస్వాములయ్యారని వాళ్ళ ఆరోపణ. దానికి కంపెనీ జవాబు రెండు రకాలుగా సాగింది: మా ఉద్యోగులకు ఈ ముగ్గురితో పెద్దగా సంబంధం లేదు, ఒకవేళ ఏదైనా జరిగినా, ఆ సమయంలో వాళ్ళు సైన్యం అదుపులో, సైన్యం చెప్పినట్టు పనిచేశారు కాబట్టి బాధ్యత ప్రభుత్వానిదే. ఈ రెండో వాదన విన్నప్పుడు నా బెంచీ మీద నేను కొంచెం ఇబ్బందిగా కదిలాను. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది కూడా సరిగ్గా అదే: ‘కంపెనీ పేరుకే, పని అంతా ఆ శాఖవాళ్ళు చెప్పినట్టే.’

ఆ రాత్రి గుంటూరులో చాలాకాలం వకీలుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బాబాయికి ఫోను చేసి ఈ వాదన సంగతి చెప్పాను.

“ఒరేయ్, ఇది పాత గొడవే. మన ట్రాక్టరును డ్రైవరుతో సహా పక్క ఊరివాడికి అద్దెకిచ్చాం అనుకో. వాడి పొలంలో దున్నుతూ దున్నుతూ మూడోవాడి గట్టు పగలగొట్టాడు. నష్టం ఎవరు కట్టాలి?” అన్నాడు.

“ఎవరు చెబితే అలా నడిపాడో వాళ్ళు కట్టాలి కదా, బాబాయ్?”

“ఎవరు చెబితే అన్నది కాదురా ప్రశ్న. ఎలా నడపాలో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందీ అని. ఎక్కడ దున్నాలో చెప్పేవాడు వేరు, ఎలా నడపాలో చెప్పేవాడు వేరు. డ్రైవర్ని మాన్పించే హక్కు ఎవరిదో చూడు, కాగితం మీద ఏం రాసుకున్నారో చూడు.”

కాగితం మీద రాసుకున్నదాని గురించే వాదుల న్యాయవాదులూ మాట్లాడారు. సైన్యంతో కంపెనీ చేసుకున్న ఒప్పందం ప్రకారమూ, సైన్యం ఫీల్డ్ మాన్యువల్ ప్రకారమూ కాంట్రాక్టు ఉద్యోగులను పర్యవేక్షించవలసింది వాళ్ళ కంపెనీయేనని వాళ్ళ వాదన. జ్యూరీ సరిగ్గా ఈ ముడి దగ్గరే ఆగిపోయింది. విచారణ సాగిన కాలం కంటే చర్చ సాగిన కాలమే ఎక్కువైంది. చివరికి ఏకాభిప్రాయం కుదరక 2024 మే 2న జడ్జి విచారణను రద్దు చేశారు. మెజారిటీ సభ్యులు వాదుల వైపే ఉన్నారని కొందరు జ్యూరీ సభ్యులు తరువాత ఒక వార్తా సంస్థకు చెప్పారు గాని, ఇక్కడ మెజారిటీ సరిపోదు, అందరూ ఒప్పుకోవాలి.

వేసవి అంతా ఈ కాగితాల సంగతి నన్ను వదలలేదు. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 2005లో ఇచ్చిన నివేదిక ఒకటి తీసి చదివాను. నా వృత్తిలో ఉన్నవాళ్ళు దీన్ని ఒకసారైనా చదవాలని నా అభిప్రాయం. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య రక్షణ శాఖ, తనకు సంబంధం లేని, ప్రభుత్వ భూములను, సహజ వనరులను చూసే ఇంటీరియర్ శాఖ ద్వారా, 11 టాస్క్ ఆర్డర్ల (మూల ఒప్పందం కింద ఒక్కో పనికి ఇచ్చే ఉత్తర్వుల) కింద 6.6 కోట్ల డాలర్లకు పైగా విలువైన సేవలను ఈ కంపెనీ నుంచి కొన్నది. అందులో ఖైదీలను ప్రశ్నించే పని కూడా ఉంది. మూల ఒప్పందం కంప్యూటర్లు, ఇంజనీరింగు వంటి సాంకేతిక సేవలకు ఉద్దేశించినది. ఆ 11లో 10 ఆర్డర్లు ఒప్పందం పరిధిలోకే రావని తనిఖీలో తేలింది. అంతేకాదు, ఏం కావాలో నిర్ణయించి రాయవలసిన ప్రభుత్వ అధికారుల పనిలో కూడా కంపెనీయే పాలుపంచుకుంది. యుద్ధం మధ్యలో మనుషులు వెంటనే కావాలి, కొత్తగా టెండరు పిలిస్తే నెలలు పడుతుంది, చేతిలో ఒక ఒప్పందం సిద్ధంగా ఉంది, అందులోనే ఇరికించేశారు. ఇలా ఇరికించడం నేను నా ఉద్యోగంలో చూడని విషయమేమీ కాదు. కాకపోతే అక్కడ ఇరికించినది ఒక సర్వరు నిర్వహణ పని అయి ఉంటుంది.

వచ్చినవాళ్ళ అర్హతల సంగతి సైన్యం ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలో ఉంది. 31 మంది కాంట్రాక్టు విచారణాధికారుల్లో 11 మందికి సైనిక విచారణ పద్ధతుల్లో అధికారిక శిక్షణే లేదు. కింది స్థాయి మిలిటరీ పోలీసులకు యుద్ధంలో పట్టుబడినవాళ్ళను ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందాల గురించి సరైన శిక్షణ ఇవ్వలేదని టగూబా రాశాడు. ఇటు పైనుంచి వచ్చిన ఆదేశాలు మరో కథ. క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామో అధిపతి మేజర్ జనరల్ జెఫ్రీ మిల్లర్ 2003 ఆగస్టు ఆఖరున ఇరాక్ వచ్చి, విచారణకు అనువైన పరిస్థితులు కల్పించడంలో కాపలా సిబ్బంది పాలుపంచుకోవాలని సిఫార్సు చేశాడు. సెప్టెంబరు 14న ఇరాక్‌లోని సేనాధిపతి లెఫ్టినెంట్ జనరల్ రికార్డో సాంచెజ్ బాధాకరమైన భంగిమలకు, కుక్కల వాడకానికి చోటిచ్చే ఉత్తర్వు జారీ చేసి, నెల తిరగకుండానే దాన్ని మార్చాడు. మరోపక్క అఫ్ఘానిస్తాన్‌లోని బగ్రామ్ స్థావరంలో, 2002 డిసెంబరులో దిలావర్ అనే టాక్సీ డ్రైవరుతో సహా ఇద్దరు ఖైదీలు దెబ్బలకు చనిపోయిన చోట, విచారణలు నడిపిన 519వ సైనిక గూఢచారి బెటాలియన్ వాళ్ళే తరువాత అబూ ఘ్రైబ్ చేరారు. ఈ పద్ధతులన్నీ ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా పాకాయో కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది; కొందరు దుష్ట సైనికులు రాత్రి షిఫ్టులో చేసిన ఆగడమని చెప్పిన మొదటి వివరణ ఆ పక్కన నిలబడదు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2008 చివర సరిగ్గా ఈ ముగింపుకే వచ్చింది. జవాబుదారీ ఎవరిదని అడిగితే మాత్రం, గార్డు విచారణాధికారిని చూపించాడు, విచారణాధికారి సైన్యాన్ని చూపించాడు, కంపెనీ ఒప్పందాన్ని చూపించింది, ఒప్పందం రాసిన శాఖ ఇంకొక శాఖను చూపించింది.

రెండో విచారణ 2024 అక్టోబరు 30న మొదలైంది. ఈసారి నాకు సెలవు దొరకలేదు. కొంత భాగమే వినగలిగాను. నవంబరు 12న తీర్పు వచ్చినప్పుడు నేను కోర్టులో లేను, నా పని సీటులో ఉన్నాను. కొత్త జ్యూరీ కంపెనీని బాధ్యురాలిగా తేల్చింది. ఒక్కొక్కరికి నష్టపరిహారం కింద 30 లక్షల డాలర్లు, శిక్షార్థక పరిహారం కింద 1.1 కోట్ల డాలర్లు, ముగ్గురికీ కలిపి 4.2 కోట్ల డాలర్లు. వాదులు అడిగిన మొత్తం ఇదే. అప్పీలుకు వెళతామని కంపెనీ వెంటనే ప్రకటించింది.

ఈ తీర్పును విలువ కట్టాలంటే మరో కేసుతో పోల్చి చూడాలి. అదే జైలుకు అనువాదకులను పంపిన టైటాన్ కంపెనీకి వారసురాలైన సంస్థ, విచారణ దాకా రాకుండా, 71 మంది మాజీ ఖైదీలకు కలిపి 52.8 లక్షల డాలర్లు ఇచ్చి 2012లో రాజీ చేసుకుంది. డబ్బు చేతికి అందడం ఒక్కటే కొలత అనుకుంటే ఆ రాజీయే మేలు. పదహారేళ్ళు కాచుకోనక్కరలేదు, అప్పీలు భయం లేదు. నేను కోర్టులో కూర్చోకముందు అలాగే అనుకునేవాణ్ణి కూడా. కాని రాజీలో ఎవరూ సాక్షి బోనెక్కరు, ఒప్పందాన్ని తెచ్చి జ్యూరీ ముందు పెట్టరు, ‘మీ మనిషిని మీరు ఎప్పుడైనా పర్యవేక్షించారా’ అని కంపెనీని ఎవరూ అడగరు.

తీర్పు వచ్చిన వారాంతంలో నా నోట్సు స్కాన్ చేసి బాబాయికి పంపాను. ఆయన చదివి, “కంపెనీ సంగతి సరే. అక్కడి అధికారుల మాటేమిటిరా?” అని అడిగాడు. చార్లెస్ గ్రేనర్‌కు పదేళ్ళ శిక్ష పడిందని, ఇవాన్ ఫ్రెడరిక్‌కు ఎనిమిదేళ్ళు, లిండీ ఇంగ్లండ్‌కు మూడేళ్ళు పడ్డాయని, వీళ్ళు ముగ్గురూ కింది స్థాయి సైనికులేనని చెప్పాను. మిలిటరీ పోలీసు బ్రిగేడుకు అధిపతి జానిస్ కార్పిన్‌స్కీని బ్రిగేడియర్ జనరల్ నుంచి కర్నల్‌కు దించారు. విచారణ కేంద్రాన్ని నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ స్టీవెన్ జోర్డాన్ హింస ఆరోపణల నుంచి బయటపడ్డాడు. మరో ఆరోపణ మీద పడిన మందలింపును కూడా తరువాత రద్దు చేశారు. గూఢచారి బ్రిగేడు అధిపతి కర్నల్ థామస్ పప్పాస్‌కు ఒక మందలింపు, 8,000 డాలర్ల జరిమానా. కంపెనీ ఉద్యోగుల్లో ఒక్కరి మీద కూడా అబూ ఘ్రైబ్ విషయంలో క్రిమినల్ కేసు నడవలేదు. పప్పాస్ జరిమానా ఎంతో బాబాయి మళ్ళీ చెప్పించుకుని, అది ఏ కోర్టు వేసిందని అడిగాడు. కోర్టు కాదని, అది సైన్యం తన పద్ధతిలో తీసుకున్న శాఖాపరమైన చర్య అని, సాక్షులూ జ్యూరీ ఉండే విచారణేదీ దానికి జరగలేదని చెప్పాను.